జాంగోలో ఏపీఐ కాల్ వల్ల సైట్ మొత్తం ఆగిపోతోంది, హెల్ప్ ప్లీజ్

జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) వ్యూలో, అంటే పేజీ రిక్వెస్ట్‌కి జవాబిచ్చే కోడ్‌లో, రిక్వెస్ట్స్ లైబ్రరీతో కొరియర్ వాళ్ల ఏపీఐని పిలుస్తున్నా, లాప్‌టాప్‌లో బానే ఉంది కానీ సర్వర్‌లో వాళ్లది కాస్త స్లో అయితే చాలు నా లాగిన్ పేజీ కూడా రావట్లేదు, లాగ్‌లో వర్కర్ టైమౌట్ అని ఉంది, ఎందుకన్నా?

> టైమౌట్ ఇచ్చావా తమ్ముడూ? రిక్వెస్ట్స్‌కి డిఫాల్ట్‌గా ఏమీ ఉండదు, అవతలోడు పలికేదాకా అలా కూర్చునే ఉంటుంది, గునికార్న్ (సర్వర్‌లో జాంగోని నడిపేది) డిఫాల్ట్‌గా 30 సెకన్లు చూసి వర్కర్‌ని (రిక్వెస్టులు అందుకునే ప్రాసెస్) చంపేస్తుంది. ఉన్న వర్కర్లన్నీ అక్కడే ఇరుక్కుంటే లాగిన్‌కి ఎవరు మిగిలారు? టైమౌట్=(3, 10) అని పెట్టు, కనెక్ట్‌కి 3, రెస్పాన్స్‌కి 10.

> డేటా వెంటనే అక్కర్లేకపోతే సెలరీకి (పనుల్ని వెనకాల విడిగా నడిపే టూల్) తోసేయ్. రీట్రై మాత్రం గెట్‌కే (డేటా చదివే రిక్వెస్ట్) పెట్టుకో, పోస్ట్‌కి (డేటా పంపే రిక్వెస్ట్) పెట్టి నేను ఒకే ఆర్డర్‌కి రెండు పికప్‌లు బుక్ చేయించా 🤦

ఉన్నదే రెండు వర్కర్లు అన్నా 😅 టైమౌట్ పెట్టా, లాగిన్ వస్తోంది.