1755లో గ్రాన్ ప్రీ నుంచి తరిమేసిన పియర్, లూసియానాలో దిగిన పియర్ ఒక్కడేనా? కాగితం లేనిచోట ఇంటి మాట రాయొచ్చా?

లఫాయెట్ అమ్మమ్మ:
అందరికీ నమస్కారం. మా అల్లుడివాళ్లది లూసియానా, ఇంటిపేరు ల్యాండ్రీ. అకాడియన్ల సంతతి. ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియాలో, గ్రాన్ ప్రీ లాంటి ఊళ్లలో సముద్రపు ఆటుపోట్లకు కట్టలు వేసి, ఆ నేల సాగు చేసుకుంటూ బతికిన ఫ్రెంచి రైతులు వాళ్లు. రాజుకు షరతుల్లేకుండా విధేయత ప్రమాణం చేయలేదని బ్రిటిష్‌వాళ్లు 1755లో ఓడలెక్కించి తరిమేశారు. మనవడి కోసం అటువైపు వంశవృక్షం రాస్తూ పియర్ ల్యాండ్రీ అనే పూర్వీకుడి దగ్గర ఆగిపోయాను. ఇంటర్నెట్‌లో దొరికే వృక్షాల్లో కొన్ని ఆయన మేరీలాండ్‌కు వెళ్లి, అక్కడి నుంచి లూసియానా చేరాడంటున్నాయి. కొన్నేమో వర్జీనియా, ఇంగ్లండ్, ఫ్రాన్స్ తిరిగి 1785లో వచ్చాడంటున్నాయి. మా వియ్యంకుడుగారి నాయనమ్మ "మనవాళ్లు ఫ్రాన్స్ ఓడలో వచ్చారు" అని చెప్పేదట. అదే రాయమంటున్నారు. రాయవచ్చా?

పాతకాగితాలు:
రాయకూడదండి. ముందు ఆ జనం సంగతి చూడండి. 1671 జనాభా లెక్కల్లో అకాడియన్లు దాదాపు నాలుగు వందల మంది. ఆ కొద్ది కుటుంబాలే పెరిగి 1755 నాటికి వేలయ్యాయి. అందుకే ఎక్కడ చూసినా ల్యాండ్రీ, లెబ్లాంక్, హెబేర్, బూద్రో, తిబొదో. పేర్లు కూడా పియర్, జోసెఫ్, జాన్, మరీ, వీటిలోనే తిరుగుతాయి. మన ఊరి ఓటర్ల జాబితాలో ఒకే ఇంటిపేరుతో ఎంతమంది వెంకటేశ్వర్లు ఉంటారో, అక్కడా అంతే. పేరు కలిసింది కదా అని ఇద్దర్ని ఒకరిని చేస్తే, మీ మనవడు ఇంకెవరి తాతనో తన తాత అనుకుంటాడు.

విన్‌స్లో అనే బ్రిటిష్ పక్షపు సైనికాధికారి 1755లో గ్రాన్ ప్రీలో రాసుకున్న జాబితాలో మగవాళ్ల పేర్లున్నాయి. ఎదురుగా కొడుకులెందరు, కూతుళ్లెందరు, ఎడ్లెన్ని, ఆవులెన్ని, గొర్రెలెన్ని. భార్య పేరు లేదు. అలాంటి కాగితంతో మనిషిని గుర్తుపట్టలేం. 1763 మేరీలాండ్ జాబితాల్లో ఊరివారీగా, కుటుంబంవారీగా భార్య పేరు, పిల్లల పేర్లు దొరుకుతాయి. భార్య పేరు, పిల్లల వరస, జ్ఞానస్నానంలో జ్ఞాన తల్లిదండ్రులు, పెళ్లిలో సాక్షులు: ఇవి కలిస్తేనే మనిషి కలిసినట్టు.

సిక్కోలు మాస్టారు:
పాతకాగితాలుగారూ, మీ జాగ్రత్త మంచిదే. కానీ ఆ కాగితం ఎవరు రాశారో కూడా అడగాలి. విన్‌స్లో ఆ జనాన్ని పట్టి ఓడెక్కించిన సైనికాధికారి. 1755 సెప్టెంబరు 5న 418 మంది మగవాళ్లను, పిల్లవాళ్లను చర్చిలోకి పిలిపించి తలుపులు మూయించి, "మీ భూములు, పశువులు రాజుగారివి, మీరు వెళ్లిపోవాలి" అని ఉత్తర్వు చదివించాడు. ఆయన ఎడ్లూ గొర్రెలూ లెక్కపెట్టింది అవి రాజుగారి ఖాతాకు వెళ్తాయని. ఆ జాబితాలో పేరుంటేనే మనిషి, ఇంటి ఆడవాళ్ల నోట నిలిచింది మనిషి కాదంటే నాకు మనసొప్పదు.

నేను దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు వెళ్లిన వలస కూలీల సంగతి చూస్తుంటాను. 1860లో మద్రాసు నుంచి డర్బన్‌కు ట్రూరో ఓడ వెళ్లింది మొదలు, మన విశాఖ, గంజాం జిల్లాల వాళ్లు వేలమంది వెళ్లారు. ఓడ జాబితాలో ప్రతి కూలీకీ నంబరు, తండ్రి పేరు, కులం, జిల్లా, తాలూకా, ఊరు ఉంటాయి. చూడ్డానికి ఎంత గట్టి ఆధారమో! ఆ ఊరి పేరు పట్టుకుని డర్బన్ నుంచి మనవలు వస్తారు. దొరగారి గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసిన పేరది, మా మండలంలో అలాంటి ఊరే ఉండదు. వాళ్ల ముత్తవ్వ మొక్కిన అమ్మవారి పేరు చెబితే మాత్రం ఊరు దొరికిన సందర్భాలున్నాయి. నోటిమాటను తీసిపారేయకండి.

అకాడియన్లలోనే చూడండి. ఫ్రాన్స్ చేరినవాళ్లలో 78 కుటుంబాలను 1765లో బెల్-ఈల్ దీవిలో స్థిరపరిచారు. వెనకటి చర్చి రిజిస్టర్లు చేతిలో లేవు. అందుకని 1767లో ఒక్కో ఇంటి పెద్దను పిలిచి, ప్రమాణం చేయించి, తాతముత్తాతల దగ్గరి నుంచి వంశం చెప్పించి రాసుకున్నారు. ఇప్పటికీ పరిశోధకులు వాటిని పట్టుకునే నడుస్తున్నారు. అదంతా నోటిమాట కాక మరేమిటి?

పాతకాగితాలు:
మాస్టారూ, బెల్-ఈల్ సంగతి మీరు తేవడం నాకు సంతోషం. అయితే అది నా వాదానికే బలం. వాళ్లు చెప్పింది తరిమేసిన పన్నెండేళ్లకు. చెప్పినవాడు తన తల్లిదండ్రుల్ని, తాతల్ని కళ్లారా చూసినవాడు. పక్కన కూర్చున్న బంధువులు తప్పుంటే సరిదిద్దగలరు. అంత జరిగినా కొన్నిచోట్ల పొరపాట్లు దొర్లాయి. వియ్యంకుడిగారి నాయనమ్మ మాట ఎన్నో తరాలు దాటి వచ్చింది. పైగా 1785లో ఫ్రాన్స్ నుంచి ఏడు ఓడల్లో దాదాపు 1,600 మంది లూసియానాకు రావడం అక్కడ అందరికీ తెలిసిన కథ. తమ దారి తెలియని కుటుంబాలు తెలిసిన కథలోకి చేరిపోతాయి. అబద్ధమాడారని కాదు, బంధం కోసం వెతుక్కునే మనసు చేసే పని అది.

కోడ్ కుర్రాడు:
ఇంత గొడవెందుకు, డీఎన్ఏ పరీక్ష చేయిస్తే పోలా?

మాంక్టన్ శ్రీను:
తమ్ముడూ, అకాడియన్లలో అది అంత తేలిక కాదు. తరతరాలుగా వాళ్లలో వాళ్లే పెళ్లిళ్లు చేసుకున్నారు కాబట్టి, ఏ ఇద్దరు అకాడియన్లను తీసుకున్నా నాలుగైదు దారుల్లో చుట్టరికం తేలుతుంది. పోలిక ఎక్కువ వచ్చినంత మాత్రాన దగ్గరి చుట్టం అనుకోలేం. మేరీలాండ్ పియరా, ఫ్రాన్స్ పియరా అన్నది పరీక్ష ఒక్కటే చెప్పలేదు.

అయితే ఆ దగ్గరి పెళ్లిళ్లే ఇంకో ఆధారం ఇచ్చాయి. వరసైనవాళ్లు పెళ్లాడాలంటే కతోలిక చర్చి అనుమతి కావాలి. ఎన్నో తరంలో చుట్టరికమో గురువు పెళ్లి రిజిస్టరులో రాసేవాడు. ఆ ఒక్క వాక్యంతో కాలిపోయిన రిజిస్టరులోని తాతను కూడా పట్టుకోవచ్చు. కెనడాలోని మా మాంక్టన్ విశ్వవిద్యాలయంలో వంశావళి పరిశోధకుడు స్టీఫెన్ వైట్ గారు కుటుంబాల సంబంధాలు తేల్చడానికి ఈ దారి బాగా వాడుకున్నారు.

అమ్మా, అకాడియన్ల మరో ఊరైన పోర్ట్ రాయల్ చర్చి రిజిస్టర్లు 1702 నుంచి 1755 దాకా ఉన్నవి నోవా స్కోషియా పురాలేఖల వెబ్‌సైట్‌లో చూడొచ్చు. మీకు కావలసింది గ్రాన్ ప్రీ రిజిస్టర్లు. 1707 నుంచి 1748 దాకా ఉన్నవి మిగిలాయి, ఎలా మిగిలాయో వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఇల్లూ గొడ్డూ అన్నీ వదిలిన జనం ఆ పుస్తకాలను వెంట తీసుకెళ్లారు. మేరీలాండ్‌లో దాచుకుని, తర్వాత లూసియానాలోని సెయింట్ గాబ్రియేల్‌కు తెచ్చుకున్నారు. ఇప్పుడు లూసియానాలోనే బాటన్ రూజ్ డయోసిస్ (కతోలిక బిషప్ పరిధి) దగ్గరున్నాయి.

సిక్కోలు మాస్టారు:
శ్రీనుగారు చెప్పింది విన్నాక నా మాట ఇంకా గట్టిగా చెబుతాను. ఆ జనం తమ చరిత్రను తామే మోసుకెళ్లారు, ఒకరు పుస్తకంలో, ఒకరు నోట్లో. 1758 డిసెంబరులో డ్యూక్ విలియం, వయొలెట్ ఓడలు అట్లాంటిక్‌లో మునిగి వందల మంది పోయారు. వాళ్లకు సమాధి లేదు, ఖననపు రిజిస్టరులో వాక్యం లేదు. బతికున్న అన్నో అక్కో "మావాళ్లు ఆ ఓడలో పోయారు" అని చెప్పుకున్న చోటే వాళ్లు మిగిలారు. నాయనమ్మ మాటను వృక్షంలో రాయండి. ఎవరు చెప్పారో, ఎవరి దగ్గర విన్నారో కూడా పక్కన రాయండి.

పాతకాగితాలు:
పక్కన రాయమంటే నాకు అభ్యంతరం లేదు మాస్టారూ. గడిలో గీత గీసి ఇద్దరు పియర్లనూ కలపడానికే నేను ఒప్పుకోను, ఎప్పటికీ ఒప్పుకోను. ఇంటర్నెట్‌లో ఒకరు గీత గీస్తే వందమంది దించుకుంటారు, వందమంది రాశారు కాబట్టి నిజమంటారు. ఈమె చేతిలో రెండు దారులు పడింది అందుకే.

మాంక్టన్ శ్రీను:
ఈ రెండు దారుల్లో ఒకటి కొట్టేయడానికి వీలుంది. 1763లో మేరీలాండ్‌లో ఉన్న కుటుంబం అదే ఏడు ఇంగ్లండ్‌లో ఉండలేదు. మేరీలాండ్ వాళ్లు 1766 నుంచి లూసియానాకు కదిలారు. కాబట్టి లూసియానాలో మీ పియర్ పేరు 1785కు ముందు జనాభా లెక్కల్లోగానీ, ఎవరి పెళ్లిలోనైనా సాక్షిగా గానీ కనిపిస్తే, ఏడు ఓడల కథ ఆయనది కాదు. ఆయన భార్యవైపు ఎవరిదో అయి ఉండొచ్చు. నాయనమ్మ తన పుట్టింటి మాట చెప్పిందేమో కూడా అడగండి.

లఫాయెట్ అమ్మమ్మ:
శ్రీను బాబూ, ఈ ఆలోచన నాకు తట్టనేలేదు. వియ్యంకుడుగారిని అడిగాను. ఆ నాయనమ్మ పుట్టింటివాళ్లు ల్యాండ్రీలు కారట, ఓకొయిన్‌లట. ఆ ఇంటిపేరు ఏడు ఓడల జాబితాల్లో ఉందేమో చూస్తాను. అంతవరకు ఇద్దరు పియర్లనూ వేర్వేరు గడుల్లోనే ఉంచుతున్నాను. నాయనమ్మ మాటను మాస్టారుగారు చెప్పినట్టు ఆమె పేరుతోనే, ఆమె గడి పక్కన రాశాను. బాటన్ రూజ్‌కు ఉత్తరం రాయాలి. పెళ్లి రిజిస్టరు నకలుకు సాక్షుల పేర్లతో సహా పూర్తి పాఠం ఇమ్మని అడగాలా, లేక వాళ్లంతట వాళ్లే ఇస్తారా?

మాంక్టన్ శ్రీను:
అడగండమ్మా, సాక్షులనూ చుట్టరికపు అనుమతినీ కూడా రాసిమ్మని స్పష్టంగా అడగండి.