వ్లాగర్‌కు డబ్బిచ్చి రీల్ చేయించుకోవడం చేతివృత్తులకు మేలా, చేటా?

ఉదయగిరి అబ్బాయి:
మా ఉదయగిరి చెక్క గరిటెలు, ఫోర్కులు మీలో చాలామంది చూసే ఉంటారు. జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) ఉన్న పని. మా పిన్ని 25 ఏళ్లుగా అదే చేస్తోంది. నిరుడు ఒక వ్లాగర్‌కు 8,000 ఇచ్చి రీల్ చేయించాం. 4 లక్షల మంది చూశారు. వారం తిరిగేసరికి 300 ఆర్డర్లు. ఇంట్లో అందరం పండగ చేసుకున్నాం.

తర్వాత లెక్క వేసుకుంటే గుండె ఆగినంత పనైంది. ఆర్డరుకు 4 గరిటెలు అనుకున్నా 1,200. పిన్ని, ఇద్దరు కోడళ్లు పొద్దుగూకేదాకా కూర్చుంటే రోజుకు 25 అవుతాయి. అంటే నెలన్నర పైన. టెన్షన్‌లో సరిగ్గా ఆరని చెక్కను కూడా చెక్కేశాం. కొన్ని పగిలాయి, తిట్లు పడ్డాయి. ఇప్పుడు తమ్ముడు మళ్లీ వ్లాగర్‌ను పిలుద్దామంటున్నాడు. నేను వద్దంటున్నాను. మీరేమంటారు?

కావలి కుర్రోడు:
తప్పు రీల్‌ది కాదన్నా, మన తయారీది. ఇన్నాళ్లూ గిరాకీ లేదని ఏడ్చాం. ఎగ్జిబిషన్‌లో స్టాల్ దొరికితేనే అమ్మకం, లేకపోతే దళారి చెప్పిందే రేటు. అలాంటిది 8,000 ఖర్చుతో 300 మంది వచ్చారు. పేపర్లో ప్రకటన ఇస్తే వస్తారా? నెల్లూరులో చేపల పులుసు అమ్మే చిన్న చిన్న మెస్సులకు చెన్నై నుంచి కార్లేసుకుని వస్తున్నారంటే ఈ వీడియోల పుణ్యమే. పిలవండి. ఈసారి ముందే సరుకు చేసి పెట్టుకోండి.

ముత్తుకూరు రైతుబిడ్డ:
మాకు కృష్ణపట్నం పక్కనే. 2021 మేలో కరోనాకని ఆనందయ్య ఇచ్చిన నాటుమందు కోసం వచ్చిన జనాన్ని కళ్లారా చూశాను. ఫోన్లలో వీడియోలు తిరిగిన కొద్ది రోజుల్లోనే వేలమంది వచ్చిపడ్డారు. అంబులెన్సుల్లో కూడా వచ్చారు. ఇంకా పరీక్షలు కూడా జరగని మందు అది. చివరికి కొన్నాళ్లు పంపిణీ ఆపేయాల్సి వచ్చింది. వీడియో జనాన్ని తెస్తుంది కానీ, వచ్చినవాళ్లను ఎక్కడ కూర్చోబెట్టాలో దానికేం తెలుసు?

అలాగని ఫోన్ చెడ్డదని అనను. మా రొయ్యల రైతులకు వాట్సాప్ గ్రూపులే దిక్కు. ఒకప్పుడు ఏజెంట్ గుంట గట్టుమీదికొచ్చి 100 కౌంట్‌కు (కిలోకు 100 రొయ్యలు తూగే సైజు) ఎంతంటే అంతే. ఇప్పుడు పొద్దున్నే నాలుగు ఊళ్ల రేటు చేతిలో ఉంటుంది. ఆ రేటు గట్టుమీద దక్కడం మళ్లీ వేరే గొడవనుకోండి. 2025 ఆగస్టులో మన దేశపు సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఇవే గ్రూపుల్లో పుకార్లు కూడా పుట్టాయి. అయినా అక్కడ ఉన్నది మాలాంటి రైతులే. ఒకడు తప్పు రేటు పెడితే ఇంకొకడు వెంటనే ఖండిస్తాడు. రీల్ చూసి వెళ్లిపోయేవాళ్లకు ఆ పట్టింపు ఉండదు.

ఒంగోలు అక్క:
ఒక విషయం అందరూ మర్చిపోతున్నారు. డబ్బు తీసుకున్న సంగతి ఆ రీల్‌లో చెప్పాడా? 2023 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం చెప్పి తీరాలి, అదీ వీడియో ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. అమ్మేవాళ్లకూ, ప్రచారం చేసినవాళ్లకూ వర్తిస్తుంది. చట్టం సంగతి అటుంచినా, కూలి తీసుకుని పొగిడి, "అనుకోకుండా ఈ ఊరొచ్చాను" అని చెప్పడం చూసేవాళ్లను మోసం చేయడమే కదా.

ఉదయగిరి అబ్బాయి:
అక్కా, చెప్పలేదు. మేమూ అడగలేదు. ఆ తప్పు మాదే.

కానీ నన్ను బాగా బాధపెట్టింది వేరే. హైదరాబాద్‌లో ఒకావిడ పగిలిన గరిటె ఫొటో పెట్టి, "ఉదయగిరి పేరు చెప్పి పచ్చి చెక్క అంటగట్టారు" అని కామెంట్ రాసింది. న్యాయమైన మాట. జవాబిద్దామని కూర్చునేలోపే వ్లాగర్ దాన్ని తీసేశాడు. పేజీ ఆయనది, మనమేం చేయగలం? పేరు మాత్రం మా ఊరిది పోయింది.

ఆర్డర్ల పుస్తకంలో ఆవిడ నంబర్ వెతికి పిన్ని తనే వాయిస్ మెసేజ్ పెట్టింది. "అమ్మా, చెక్క ఆరకముందే చెక్కాం, తప్పయింది. నర్ది చెక్కతో రెండు పంపిస్తున్నా. నీళ్లలో నానబెట్టకుండా కడిగి నీడన ఆరబెట్టు, అప్పుడప్పుడు కాస్త నూనె రాయి" అని. ఆవిడ ఆ వాయిస్‌ను వాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టింది. అక్కడి నుంచే 11 ఆర్డర్లు వచ్చాయి.

అప్పటినుంచి ఆ 300 నంబర్లనే పట్టుకున్నాం. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితమే. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది పడతారు, అదీ మన నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. కాబట్టి ముందు ఒక్కొక్కరినీ అడిగి సేవ్ చేయించాం. సగం మంది కూడా చేసుకోలేదు. చేసుకున్నవాళ్లు మాత్రం మళ్లీ మళ్లీ కొంటున్నారు. తయారైన సరుకు ఫొటోలు మాత్రమే పెడతాం. పోయిన నెల 60 గరిటెలు పెడితే రెండు రోజుల్లో అయిపోయాయి.

కావలి కుర్రోడు:
బాగుందన్నా. కానీ ఆ 300 నంబర్లు ఎక్కడివి? రీల్ వల్ల వచ్చినవే కదా! కొత్తవాళ్లు రాకపోతే ఉన్నవాళ్లు ఎన్ని గరిటెలని కొంటారు? మీ ఇంటి పిల్లలు ఈ పని నేర్చుకోవాలంటే ఇందులో నాలుగు రాళ్లు కనబడాలి.

ఉదయగిరి అబ్బాయి:
ఆ మాట నిజమే, కాదనను తమ్ముడూ. మొదటి పరిచయం రీల్ వల్లే. అందుకే వీడియోలు మానలేదు, మనిషిని మార్చాం. పిన్ని మనవరాలు బియ్యం డబ్బాకు ఫోన్ ఆనించి తీస్తోంది. మొహం ఉండదు, పాట ఉండదు. పిన్ని చేతులు, బాడిసె దెబ్బ, రాలే పొట్టు, అంతే. కింద "సిద్ధంగా ఉన్నవి 18, కొత్తగా కావాలంటే 20 రోజులు" అని రాస్తుంది. 4 లక్షలు కాదు, 900 మంది చూస్తున్నారు. మొన్న ఒకాయన 20 రోజులకు ఒప్పుకుని ముందే డబ్బు పంపాడు. వ్లాగర్‌కు ఇవ్వాలనుకున్న 8,000తో చెక్క కొని ఆరబెట్టాం.