అప్‌డేట్: ఉద్దానం కిడ్నీ సదస్సు, ఈసారి హాలు ఖాళీ కాలేదు

ఈ జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో ఎక్కువగా కనిపించే కిడ్నీ జబ్బు మీద శ్రీకాకుళంలో మేం పెట్టే సదస్సులో భోజనాలయ్యాక జనం ఉండటం లేదు, ఏం మార్చమంటారని అడిగాను కదా. మొన్నే ముగిసింది. అందరికీ థాంక్సండీ.

పనిచేసింది పోస్టర్ల సలహా, అంటే పరిశోధన ఫలితాలను చార్టులుగా పెట్టి, వాటి దగ్గరే నిలబడి మాట్లాడుకోవడం. ప్రసంగాలు సగానికి తగ్గించి, మధ్యాహ్నం రెండు గంటలు పోస్టర్లకే వదిలేశాం. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష) గ్రాఫ్ మీద వేలు పెట్టి ఉద్దానంలోని కవిటి ఏఎన్ఎమ్ (ఊళ్లో పనిచేసే ఆరోగ్య కార్యకర్త) గారు "ఈ నెలల్లో జీడితోటల్లో పని ఎక్కువ సార్" అంటుంటే, నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) నిలబడే రాసుకున్నారు. నాకు కళ్లు చెమర్చాయి.

కారణం ఇంకా తేలని జబ్బు కాబట్టి భూగర్భజలాలు, ఎండ ప్రభావం మీద పనిచేసేవాళ్లనీ పిలిచాం. శ్రీలంక, మధ్య అమెరికాల్లోని ఇలాంటి జబ్బులతో పోలిక వచ్చేసరికి ప్రశ్నలు ఆగలేదు.

ఏసీ హాలు కోసం పడ్డ టెన్షన్ అనవసరం, పాత హాలే సరిపోయింది. పోస్టర్లు మాత్రం తెలుగులో కూడా వేయించండి.