చీర అంచు చెడకుండా బొమ్మ స్థానంలో మనిషిని పెట్టే ఏఐ యాప్ ఏది?

ఒడిశాలోని బరంపురంలో మాది చిన్న పట్టుచీరల షాపు. వాట్సాప్ ఫోటోలకి మోడల్‌గా నిలబడటానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకోవడం లేదు, అందుకని షాపులో బొమ్మకి చీర కట్టి ఫోటో తీసి, ఆ బొమ్మని ఏఐతో మనిషిగా మార్చాలని పది రోజులుగా కుస్తీ పడుతున్నాను.

ముందు ఫోన్‌లో రెండు ఫ్రీ యాప్‌లు చూశాను. మొహం బాగానే వచ్చింది కానీ చర్మం మైనం పూసినట్టుంది, పైగా పైట కుడి భుజం మీదకి వెళ్లిపోయింది! తర్వాత కంప్యూటర్‌లో (12 జీబీ గ్రాఫిక్స్ కార్డు) ఎస్‌డీఎక్స్‌ఎల్ (ఫోటోలు తయారుచేసే ఏఐ మోడల్) వేసి 1024×1024 సైజు, 30 స్టెప్పులు, సీఎఫ్‌జీ (మనం రాసిన వర్ణనకి ఎంత కట్టుబడాలో చెప్పే అంకె) 7తో ఇమేజ్-టు-ఇమేజ్ (ఉన్న ఫోటో నుంచే కొత్తది చేయించడం) నడిపాను. డీనాయిజ్ (పాత ఫోటోని ఎంత మార్చాలో చెప్పే అంకె) 0.35 పెడితే బొమ్మ బొమ్మలాగే ఉంటోంది, 0.6కి పెంచితే మనిషి వస్తోంది కానీ అంచులో గుళ్ల వరసలా ఉండే కుంభాలు కాస్తా ఏవో పూలైపోతున్నాయి. ఒడియావాళ్లైనా మనవాళ్లైనా చీర కొనేటప్పుడు ముందు చూసేదే ఆ అంచు, అది మారితే వేరే చీర చూపించి మోసం చేసినట్టే. సీఎఫ్‌జీ 4.5కి తగ్గిస్తే మైనం మెరుపు కొంచెం తగ్గింది, అంతే.

చివరికి మొహానికీ చేతులకీ మాత్రమే మాస్క్ వేసి డీనాయిజ్ 0.75తో ఇన్‌పెయింట్ (మాస్క్ వేసిన భాగాన్ని మాత్రమే మళ్లీ గీయించడం) చేశాను. చీర చెక్కుచెదరలేదు, కానీ మెడ దగ్గర రంగు అతికించినట్టు తెలిసిపోతోంది, కొంగు పట్టుకున్న చేతికి నాలుగుసార్లలో మూడుసార్లు ఆరో వేలు.

నెలకి 500 రూపాయల లోపైతే డబ్బు కట్టడానికీ రెడీ. చీరని ఉన్నదున్నట్టు ఉంచి మెడ అతుకు, వేళ్లు సరిగ్గా వచ్చేలా చేసే యాప్ గానీ సెట్టింగ్ గానీ మీరు స్వయంగా వాడి చూసింది ఏది?