అప్‌డేట్: తొట్లకొండ బోర్డులు రాయడానికి ఒప్పుకున్నా

పోయిన నెల అడిగాను కదా, వైజాగ్‌లో హెరిటేజ్ వాక్ నడిపేవాళ్లు తొట్లకొండ (పాత బౌద్ధ ఆరామం ఉన్న కొండ) గురించి నేను చేసిన పరిశోధనను, చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం పెట్టే బోర్డులకు రాసిమ్మంటున్నారు, ఒప్పుకోవాలా అని. ఒప్పుకున్నా. "ముందు వాళ్లతో ఒకసారి కొండెక్కు" అన్నవాళ్లకు దండాలు.

నేను హీనయానం (బౌద్ధంలో పాత శాఖ), విహారాలు (భిక్షువులు ఉండే కట్టడాలు) అంటూ రెండు పేజీలు రాసుకెళ్లా. గైడ్ గారు (పీహెచ్‌డీ గైడ్ కాదు, కొండ గైడ్) చదివి, "మేడమ్, పిల్లలు అడిగేది ఒకటే. ఇంత ఎత్తున భిక్షువులకు నీళ్లెక్కడివి?" అన్నారు. నా థీసిస్‌లో అది ఫుట్‌నోట్! రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే కొండకా పేరు. బోర్డు అక్కణ్ణుంచే మొదలైంది. 1976లో నేవీ ఏరియల్ సర్వేలో ఈ చోటు బయటపడిన సంగతీ ఆయనే పట్టుబట్టి పెట్టించారు. "హీనయానం" మాత్రం నేను వదల్లేదు, అరగంట వాదించుకున్నాం.

బోర్డు కింద ఇద్దరి పేర్లూ ఉంటాయి, కాగితం రాసుకున్నాం. డబ్బుల సంగతే ఇంకా తేలలేదు.