సూర్యలంకలో ఆఖరి రోజు: తడి బట్టలు, ఇసుక

ప్రశ్న: రేపు పొద్దున పిల్లలు ఇంకోసారి సముద్రంలో దిగుతామంటున్నారు. అటునుంచే కారులో హైదరాబాద్ బయల్దేరాలి. తడి బట్టలు, ఇసుక సంగతేంటండీ?

జవాబు 1: గది ఖాళీ చేసేలోపే స్నానాలు కానివ్వండి. బట్టల్ని మంచినీళ్లలో రెండుసార్లు జాడించి గట్టిగా పిండాలి. బట్టల్లో మిగిలిన ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, జాడించకపోతే ఎంత ఆరేసినా జిగటే. ఒంటిమీద తడి ఇసుకను రుద్దొద్దు, పసిపిల్లల చర్మం గీసుకుపోతుంది. ఆరాక పౌడర్ చల్లి తుడిస్తే జలజలా రాలిపోతుంది.

జవాబు 2: బట్టలు కవర్లో మూటగడితే ముక్కవాసన కొడతాయి, మూతలేని బకెట్ మేలు. ఇంటికెళ్లాక కారు అడుగుభాగం, చక్రాల లోపలివైపు తప్పక కడిగించండి, తుప్పు అక్కడే మొదలయ్యేది.

జవాబు 3: ఆఖరి మునక కదా అని లోపలికి పోనివ్వొద్దు. అల వెనక్కి లాగేటప్పుడు కాళ్లకింద ఇసుక కోసుకుపోతుంది. పిల్లలకి మోకాలి లోతు చాలు, చెయ్యి వదలకండి.