సద్దుల బతుకమ్మ, డాలస్: వాలంటీర్ల పనుల పంపకం

సమన్వయం:
అందరికీ నమస్కారం. సైన్-అప్ షీట్‌లో ఈసారి "ఏ కమిటీ?" అనే గడి తీసేశాం. అది ఉంటే అందరూ స్టేజీ, ఫోటోలు అని రాస్తారు. బతుకమ్మ పేర్చడం వచ్చినవాళ్లేమో పార్కింగ్‌లో జెండా పట్టుకుని నిలబడతారు. దాని బదులు మూడు ప్రశ్నలు: మీ చేతికి బాగా వచ్చిన పని ఏది, ఎంతసేపు నిలబడగలరు, ఇంకొకరికి నేర్పుతారా.

ఊరి నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నల పేర్లు కూడా తప్పకుండా రాయండి. వాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టి మర్యాద చేశామనుకుంటాం. ఊళ్లో ఏటా తొమ్మిది రోజుల పండుగకు బతుకమ్మ పేర్చిన మనిషి ఇక్కడ పగలంతా ఒక్కతే ఇంట్లో ఉంటుంది. ఆమెకు కుర్చీ కాదు, బతుకమ్మ పేర్చే పళ్లెం, సిబ్బి ఇవ్వాలి.

పూలు:
ఒక పెద్దమ్మకు నలుగురు నేర్చుకునేవాళ్లు చొప్పున ఎనిమిది బల్లలు వేస్తున్నాం, రెండు గంటలు. నేల మీద కూర్చోబెట్టకండి, మోకాళ్లు పట్టేస్తాయి. ఇక్కడ పుట్టిన పిల్లలకు ఆమె మాట, ఆమెకు వాళ్ల మాట అందదు కాబట్టి ప్రతి బల్లకూ రెండు భాషలూ వచ్చిన ఒకరు ఉండాలి.

లెక్క: 12 అంగుళాల పళ్లెంలో అంచు వదిలి పేరిస్తే, 2 అంగుళాల బంతిపూలు కింది వరుసకు 15-16 పడతాయి. తొమ్మిది వరుసలకు 80-90. విరిగేవి, వాడిపోయేవి కలిపి ఒక్కో బతుకమ్మకు 110 తెప్పించండి.

ఇక్కడ తంగేడు దొరకదు. గునుగుకు బదులు దాని జాతిదే సెలోషియా, లేకపోతే ఎండు స్టాటిస్ పూలు వాడదాం. తెల్ల చామంతికి రంగు కావాలంటే కాడ కొత్తగా కోసి, ఫుడ్ కలర్ కలిపిన నీళ్లలో ఒక రోజు ఉంచితే రేకులకు అదే ఎక్కుతుంది.

పేర్చేటప్పుడు కూలిపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. అంగడి పూల కాడలు లావు, పొడవు. వాటిని అలాగే పెడితే నడుమ ఒకదానిమీదొకటి ఎక్కి దిబ్బ కడతాయి, వరుస బయటికి జారుతుంది. కాడ ఒకటిన్నర అంగుళానికి కోసి, ప్రతి వరుసకూ నడుమ తుంచిన ఆకులు నింపి అరచేత్తో అదమాలి. ఎంత అదమాలో పెద్దమ్మల చెయ్యి చూసే నేర్చుకోవాలి, కాగితం మీద రాదు. పూలవాళ్ల ఆకుపచ్చ ఫోమ్ వద్దు, అది నీళ్లలో కరగదు.

కార్నేషన్ పూలు ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లు ఆపిల్, అరటిపండ్లు తీసేయండి. వాటినుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు పూలు ముడుచుకుంటాయి.

పాటలు, సౌండ్:
నాలుగు మూలలా స్పీకర్లు పెడితే 60 అడుగుల దూరానికి శబ్దం సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా చేరుతుంది. ఒక్కొక్కరికి రెండు మూడు వైపుల నుంచి వేర్వేరుగా వినిపించి చప్పట్లు తప్పుతాయి. స్పీకర్లు వలయం నడుమ, ముఖం బయటికి పెట్టండి. పాడేవాళ్లు వాటి వెనక కూర్చుంటారు కాబట్టి మైకు కూత కూడా తగ్గుతుంది.

ఒకరు ఎత్తుకుంటే ముగ్గురు అందుకోవాలి. పావుగంటకొకసారి మారకపోతే గొంతు పోతుంది. శ్రుతి ఎత్తుకునే ఆమెదే, ట్రాక్‌లు పెట్టొద్దు. ఊరికో పాట వరుస ఉంటుంది. కరీంనగర్ వరుస, నల్లగొండ వరుస కలిపి ఒక్కటి చేయకుండా వంతులు వేద్దాం. ఆమె ఒప్పుకుంటే రిహార్సల్లోనే రికార్డు చేసి, పాట కింద ఊరి పేరు రాసి పెడదాం.

నీళ్లు:
చెరువులో వదలడానికి అనుమతి లేదు, అందుకే తొట్టి. గుండ్రటి తొట్టి 10 అడుగుల వెడల్పు, 8 అంగుళాల లోతు అంటే సుమారు 390 గ్యాలన్లు. తోటపైపుతో ముప్పావు గంట పడుతుంది, ముందే మొదలుపెట్టండి. బరువు 3,200 పౌండ్లు దాటుతుంది, జిమ్ చెక్కనేల మీద వద్దు, బయట తారు మీదే. నేల వాలు ముందు చూడండి: తొట్టి కింద నేల 3 అంగుళాలు వాలితే ఒక పక్క నీళ్లు 3 అంగుళాలు ఎక్కువ లోతుంటాయి. చివరి చుక్క పోయేదాకా ఒక పెద్దమనిషి అక్కడినుంచి కదలకూడదు, చిన్నపిల్లలుంటారు.

సద్దులు:
300 మందికి మూడు రకాలు, ఒక్కోదానికి 12 కిలోల బియ్యం. పులిహోరకు చింతపండు కిలోన్నర. పెరుగన్నం ఐస్ మీదే ఉండాలి, బయట రెండు గంటలు దాటితే వడ్డించొద్దు. నువ్వులు, పల్లీలు ఉన్నవాటికి పెద్ద అక్షరాల చీటీ అంటించండి. మలీద ముద్దలు కట్టడం అయిదేళ్ల పిల్లలకు కూడా వస్తుంది, ఆ బల్ల వాళ్లకే వదిలేయండి.

సమన్వయం:
అందరి లెక్కలూ బాగున్నాయి. ఇంకా రెండు ఖాళీలున్నాయి. బల్ల దగ్గర రెండు భాషలవాళ్లు ముగ్గురు కావాలి. హైస్కూల్ పిల్లలైతే సేవాగంటల కాగితం తెచ్చుకోండి, అదే రోజు సంతకం పెడతాం. పెద్దమ్మలను తీసుకొచ్చి దింపడానికి కార్లు నాలుగు కావాలి. ఇది చిన్న పని అనుకోకండి. పగటిపూట కొడుకు, కోడలు ఆఫీసులో ఉంటారు, ఆమెకు డ్రైవింగ్ రాదు. శుక్రవారం రిహార్సల్‌కు కారు రాకపోతే ఆ బల్లకు నేర్పేవాళ్లే ఉండరు. ఎవరు ఏ అపార్ట్‌మెంట్‌ వైపు వెళ్లగలరో ఈ రాత్రికి కింద రాయండి.